ఆరో పన్ను

డబ్బోలో జులై తెల్లవారుజాము.
గడ్డి మీద మంచు ఉప్పులా పేరుకుంది.
నేను ఏనుగు పేడ విరుస్తున్నాను.

నవ్వకండి, ఇది ఉద్యోగం.
పిడికెడు తీసి, జల్లెడలో కడిగి,
అరగని గడ్డిపోచల్ని నల్లగుడ్డ మీద పరిచి
స్కేలు పెట్టి కొలవాలి.
పోయినేడు రెండు సెంటీమీటర్లు.
ఉగాదికి (ఇక్కడ అప్పుడు ఆకులు రాలతాయి) నాలుగు.
ఇవాళ నా చూపుడువేలంత.
అంటే సిల్వీ నమలడం లేదు, మింగుతోంది.

మన పళ్ళు చిగురులోంచి పైకి మొలుస్తాయి.
ఏనుగు పళ్ళు వెనకనుంచి ముందుకి నడుస్తాయి,
రేషన్ షాపు ముందు క్యూలాగా.
ముందున్నది అరిగి, ముక్కలై రాలితే
వెనకది ఒకడుగు జరుగుతుంది.
అలా ఆరు విడతలు. ఏడోది లేదు.
సిల్వీ నోట్లో ఉన్నది ఆరోది,
పాత సన్నికల్లులా నున్నబడిపోయింది.
రాతికైతే కక్కు కొట్టేవాళ్ళు వీధిలో కేకేస్తూ వచ్చేవాళ్ళు.
పంటికి ఎవరొస్తారు?

అందుకే చెరకు సన్నగా చీరుతున్నాను.
క్వీన్స్‌లాండ్ చెరకు, లావుది, పీచెక్కువ.
ఇప్పుడు కత్తి పట్టిన ఈ చేతులే
కుప్పం అవతల, అడవి అంచు తోటలో
నూనె డబ్బా వాయించాయి.
పదకొండేళ్ళు నాకు. మంచె మీద చలి.
చీకట్లో చెరకు విరుగుతున్న చప్పుడు,
ఎవరో తీరిగ్గా మెటికలు విరుచుకుంటున్నట్టు.

ఆ ఏడే చిన్నమామ తీగకి కరెంటు పెట్టాడు.
పొద్దున చూస్తే గట్టు పక్కన ఇంకో గట్టు.
తోటివి రాత్రంతా దాని మీద
మట్టీ కొమ్మలూ చల్లి వెళ్ళిపోయాయి.
ఏనుగు చచ్చినా వెయ్యే, అనబోయి ఎవరో
'చచ్చినా' దగ్గర ఆగిపోయారు.
మళ్ళీ మా ఊళ్ళో ఆ సామెత నేను వినలేదు.

సిల్వీ కాగితాల్లో పుట్టిన చోటు: తెలియదు.
వయసు యాభై తొమ్మిదని ఒక డాక్టరు,
అరవై రెండని ఇంకొకరు.
మూడు సర్కస్‌ల రసీదులు.
పిల్లల్లేరు; వంశాల పట్టికలో తన పేరు కింద
ఏ గీతా దిగలేదు.
ఒక్క మాట మాత్రం వచ్చు.
దాన్ని ముగ్గురు పాత కాపరులు మూడు స్పెల్లింగులతో రాశారు.
ఏ కొండల భాషో ఎవరికీ తెలీదు.
ఆ మాట వింటే కుడి ముంగాలు ఎత్తుతుంది.
నేను "రామ్మా" అంటే చెవి కూడా కదపదు.

సాయంత్రం టెవిటా డ్యూటీ అప్పగిస్తూ
పది రాత్రులు నిలబడే ఉందన్నాడు.
లేవలేనని తెలిసిన ఏనుగు పడుకోదు.
బ్రోన్విన్ ఇసుక దిబ్బ పోయించింది,
ఒరగడానికి వీలుగా, నా భుజాలెత్తున.

డాట్ వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళది, అల్లరిది.
తొండం కొస సిల్వీ నోట్లో పెట్టింది.
ఈ జాతి తొండానికి ఒకటే వేలు;
ఆ ఒక్క వేలితో దవడంతా తడిమి
మెల్లగా తీసి తన నోట్లో పెట్టుకుంది.
నా స్కేలు అవసరమే లేదు దానికి.
తర్వాత ఏదో అంది. నా చెవికి అందలేదు,
ఇనుప గేటు మీదున్న అరచేతికి అందింది.

రెండూ నలభైకి, కెమెరాలో,
సిల్వీ దిబ్బకి భుజం ఆనించింది. తర్వాత నడుం.
ఇసుక జారింది. మోకాళ్ళు వంగాయి.
డాట్ పక్కనే నిలబడి
తొండంతో ఇసుక తీసి
దాని వీపు మీద చల్లింది.
మళ్ళీ చల్లింది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను.
టీ ఒలికింది. పదకొండేళ్ళ పిల్లనై
తెర మీద ఆ గట్టునే చూస్తున్నాను.

గట్టు చెవి విసిరింది.

లాగ్ పుస్తకంలో రాశాను:
2.40. ఎడమ పక్కకి పడుకుంది.
గురక ఉంది.
రేపు చెరకు ఇంకా సన్నగా.